పూత పూసిన కాగితం కాగితమేనా?

సంపాదకుడికి,

అయ్యా,

‘ప్లాస్టిక్ లేని కాగితపు కప్పులు’ అంటూ పది రోజుల క్రితం మీరు అచ్చువేసిన వార్తకు ఇవాళో రేపో సవరణ వస్తుందని ఎదురుచూసి, ఇక రాదని తేలాక ఈ లేఖ రాస్తున్నాను.

అలాంటి కప్పును రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తెల్లవారి వేళ్లతో రుద్దితే కాగితమంతా గుజ్జుగా జారిపోయి, పారదర్శకమైన పల్చని పొర ఒకటి చేతిలో మిగులుతుంది. వార్త రాసినవారు ఈపాటి శ్రమ తీసుకోలేదు. పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ గుళికలను దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగించి, సన్నని చీలికలోంచి తెరలా జార్చి, కింద పరుగెత్తే అట్టమీద పడీపడగానే చల్లని లోహపు రోలరుకూ రబ్బరు రోలరుకూ మధ్య నొక్కి అతికించినదే ఆ పొర. మందం సుమారు 15 నుంచి 20 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్). కప్పు అతుకుకు వేరే జిగురు అక్కర్లేకపోవడానికి కారణం కూడా అదే: వేడి తగలగానే ఆ పొరే కరిగి పట్టుకుంటుంది.

పూత పూయడమే నేరమని నేననడం లేదు. అది లేకపోతే ద్రవం నిలవదు, కాగితపు పాల డబ్బాలు పనికిరావు. ఉన్నదాన్ని లేదని చెప్పడమే నా అభ్యంతరం. మామూలు కాగితపు మిల్లులో గుజ్జు చేసేటప్పుడు ఈ పొర ముక్కలై జల్లెడలకు అడ్డంపడుతుంది కనుక, దాన్ని వేరుచేసే యంత్రాలున్న చోటికే ఈ కప్పులు వెళ్లాలి. మొక్కల నుంచి తయారుచేసే ప్లాస్టిక్ రకమైన పీఎల్‌ఏ పూత అయితే పెరట్లో పడేయగానే మట్టిలో కలిసిపోదు. 60 డిగ్రీలకు దగ్గరగా వేడి నిలిపే కంపోస్టు కేంద్రం కావాలి. ఐరోపా సమాఖ్య 2019లోనే, లోపల ప్లాస్టిక్ పూత ఉన్న కప్పులను ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల లెక్కలోకి చేర్చింది.

మన అధికారులకు మాత్రం పెట్టె మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ కనబడితే చాలు, పరీక్ష ముగిసినట్టే. ప్లాస్టిక్‌కు వ్యతిరేకంగా ప్రసంగించే వేదికల మీద వక్తలు గొంతు తడుపుకొనేదీ ఈ కప్పులతోనే! తయారీదారు పంపిన ప్రకటననే వార్తగా వేసుకునే అలవాటు పత్రికలకు ఎప్పుడు అబ్బిందో గాని, ఒకప్పుడు మీ పత్రికలో అక్షరదోషానికి కూడా సవరణ వచ్చేది.

ఆ వార్త వచ్చిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయండి. వాడిన కప్పును తడి చెత్తలో వేయాలో, కాగితాల్లో వేయాలో, ప్లాస్టిక్‌లో వేయాలో సంబంధిత అధికారిని అడిగి, ఆయన ఇచ్చిన జవాబును కూడా దాని కిందనే ప్రచురించండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు