డీటా వాన్ టీస్ చేతులు చూశారా

ఫ్రెండ్స్, రాత్రి అమెరికన్ బర్లెస్క్ (స్టేజీ మీద ఒక్కో దుస్తూ మెల్లగా తీస్తూ చేసే డాన్స్ షో) డాన్సర్ డీటా వాన్ టీస్ వీడియోలు మళ్లీ పెట్టుకుని ఈసారి చేతులనే గమనించాను. పొడవాటి గ్లవ్‌ని ఒక్కో వేలి కొస దగ్గర వదులు చేసుకుంటూ, సంగీతం ఆగిన చోట తనూ ఆగి, చూసేవాళ్ల చేత ఊపిరి బిగబట్టించి మెల్లగా లాగుతుంది. చిన్నప్పుడు నేర్చిన బ్యాలే ఆ మణికట్టులో ఇంకా ఉంది. బర్లెస్క్ అంటే బట్టలు విప్పడమేగా అనేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. 1933లో షికాగో వరల్డ్ ఫెయిర్‌లో శాలీ రాండ్ అనే డాన్సర్ రెండు పెద్ద ఆస్ట్రిచ్ ఈకల విసనకర్రలతో ఆడింది కదా, అక్కడ కళంతా ఒకటి పక్కకు జరిగేలోపు రెండోది ఒంటికి అడ్డొచ్చే ఆ టైమింగ్‌లోనే ఉంది, క్షణం తప్పినా మొత్తం పోతుంది! దానికి ఎన్ని గంటల ప్రాక్టీసు కావాలో, డ్రెస్ కుట్టేటప్పుడే ఏ హుక్ ఎప్పుడు ఊడాలో ఎంత ఆలోచించాలో. మీరూ ఒకసారి చేతులే చూస్తూ చూడండి, ఏమనిపించిందో ఇక్కడ రాయండి.