తగరపు సిపాయిలు: రంగులు, బేసులు

అందరికీ నమస్కారం. ప్రష్యా, ఆస్ట్రియా సైన్యాల మధ్య జరిగిన లాయిటెన్ యుద్ధాన్ని బొమ్మలతో ఆడే మన ఆట కోసం పంచుకున్న తగరపు సిపాయిలు అందరికీ అందినట్టున్నాయి. ఎత్తు 30 మిల్లీమీటర్లు, మందం మాత్రం ఒక మిల్లీమీటరు ఉంటే ఎక్కువ. అంచుల్లో మిగిలిన లోహపు పొరను సన్నటి ఆకురాయితో తీసేయండి. వీటిలో సీసం ఉండొచ్చు, కాబట్టి ఆ పొడి పీల్చకండి. చేతులు కడుక్కున్నాకే టీ.

గుండ్రటి బొమ్మకు నీడ దానంతటదే పడుతుంది. ఈ చదును బొమ్మకు మనమే వేయాలి. అందుకే వెలుగు ఎడమవైపు పైనుంచి వస్తోందని అందరం ఒకే మాట మీద ఉందాం. ప్రష్యా కోటుకు ముందు ముదురు నీలం వేయండి. ఆరాక మడతల్లో కాస్త నలుపు కలిపిన నీలం, భుజం మీదా మోచేతి మీదా వెంట్రుకంత లేత గీత. ఆస్ట్రియా తెల్లకోట్లకు నేరుగా తెలుపు కొట్టకండి, సున్నం వేసినట్టుంటుంది. లేత బూడిద రంగు మీద తెలుపు వేస్తే బాగుంటుంది.

బేసు, అంటే బొమ్మలు నిలబెట్టే అడుగు పలక, 40 × 30 మిల్లీమీటర్లు, దాని మీద నలుగురు. పక్కనుంచి చూస్తే బొమ్మ ఉత్త గీతే, అందుకని కొంచెం ఓరగా అతికించండి. వంగిన కాలిని బలవంతంగా సరిచేయొద్దు. నా జెండా సిపాయి చీలమండ దగ్గర పుటుక్కుమన్నాడు, ఇప్పుడు జిగురు మీదే బతుకుతున్నాడు.

యుద్ధం జరిగింది 1757 డిసెంబరు 5న, నేల మీద పలచగా మంచు. పచ్చగడ్డి పెట్టకండి బాబూ! ఇసుక చల్లి, మట్టిరంగు వేసి, పైన అక్కడక్కడా తెలుపు అద్దితే చాలు.

శనివారం రాత్రిలోగా ఫొటోలు ఇక్కడే పెట్టండి.