ఫ్రైబుర్గ్ చర్చి గోడ మీది రొట్టె కొలత

ఫ్రైబుర్గ్, జర్మనీ

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైనందుకు మన్నించు. నిన్న ఇక్కడి మున్‌స్టర్ చర్చికి వెళ్లి వచ్చాను. అక్కడ ఒక గోడ ముందు నిలబడినప్పుడు నువ్వు పక్కన లేవే అని ఎంతగానో అనిపించింది.

ఎర్రని ఇసుకరాయితో 1200 ప్రాంతంలో మొదలైన ఈ చర్చిలో తూర్పు భాగానికి ప్రతిష్ఠ జరిగేసరికి 1513 వచ్చింది. 116 మీటర్ల గోపురం మాత్రం 1330 ప్రాంతానికే పూర్తయింది. దాని శిఖరమంతా రాతిని జల్లెడలా తొలిచి పేర్చిన అల్లిక కావడంతో, కింద నిలబడి తలెత్తి చూస్తే సందుల్లోంచి ఆకాశం కనిపిస్తుంది.

నేను ఎక్కువసేపు గడిపింది ఆ గోపురం కింది ద్వారమండపంలో. అక్కడి రాళ్ల మీద 1270, 1317, 1320 సంవత్సరాల నాటి రొట్టెల ఆకారాలు చెక్కి ఉన్నాయి. సంతలో కొన్న రొట్టె మీద అనుమానం వస్తే ఇక్కడికి తెచ్చి సరిచూసుకునేవారు. ఆ కాలంలో రొట్టె ధరను స్థిరంగా ఉంచి, ధాన్యం ధరను బట్టి దాని పరిమాణాన్ని మార్చేవారు గనుక కొలతలు వేరువేరుగా ఉన్నాయి. 1315 నుంచి 1317 వరకు ఉత్తర ఐరోపాలో వానలు తెరిపివ్వక, పైర్లు కుళ్లి, మహా కరవు వచ్చిందని నీకు తెలుసు కదా. అందుకే 1317 నాటి గీత ముందు నుంచి చాలాసేపు కదలలేకపోయాను. ఆకలిగొన్నవాడి రొట్టెకు దేవుడి గుమ్మమే సాక్ష్యం పలకడం కంటే గొప్ప శిల్పం నాకు ఆ చర్చిలో మరొకటి కనిపించలేదు.

లోపలి రంగుటద్దాల కిటికీల్లోనూ చాలా ఆ ఊరి శ్రమజీవులవే. రొట్టెలు కాల్చేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, దర్జీలు తమ సంఘాల తరఫున వాటిని చేయించి, పునీతుల బొమ్మల కింద తమ వృత్తి గుర్తులు వేయించుకున్నారు. దగ్గరి కొండల్లో వెండి తవ్విన గని కార్మికులు కూడా ఒక కిటికీలో పని చేస్తూ కనిపిస్తారు. 1944 నవంబరు 27 రాత్రి బాంబుదాడిలో చుట్టుపక్కల ఇళ్లు చాలావరకు నేలమట్టమైనా గోపురం నిలిచింది. అద్దాలను ముందే విప్పి దాచడం వల్ల అవీ దక్కాయి.

ఆ మండపం ఎదుట ఆదివారం తప్ప రోజూ ఇప్పటికీ సంత జరుగుతుంది. కూరగాయల బుట్టల మధ్య నడుస్తుంటే మీ తాతగారి బియ్యం కొట్టూ, గల్లాపెట్టె పక్కన ఉండే ఇత్తడి మానికా గుర్తుకొచ్చాయి. అది ఇంకా మీ ఇంట్లో ఉంటే, దాని మీద సర్కారు ముద్ర ఏ సంవత్సరానిదో చూసి నాకు తప్పక రాయి.

నీ మిత్రుడు