పాడిన గొంతుకు పైసా ఇవ్వని రేడియో

సంపాదకుడికి నమస్కారం.

అమెరికాలోని మెంఫిస్ నుంచి రాస్తున్నాను. పని మీద పక్క రాష్ట్రం ఆర్కన్సా వెళ్లినప్పుడల్లా 67వ నంబరు హైవే ఎక్కుతాను. రెండువైపులా వరి చేలే. చూస్తే కృష్ణా డెల్టాలో ఉన్నట్టే ఉంటుంది, కాకపోతే చేలో మనిషి కనిపించడు. ఆ రోడ్డులో కొంత భాగానికి 2009లో ‘రాక్ అండ్ రోల్ హైవే’ అని పేరు పెట్టారు. 1950లలో దాని పక్కనున్న క్లబ్బుల్లో ఎల్విస్ ప్రెస్లీ, జానీ క్యాష్ లాంటివాళ్లు పాడారు. వాళ్ల సంగతి అందరికీ తెలుసు. నేను చెప్పబోయేది అంత పేరు రాని గాయకుడు బిల్లీ లీ రైలీ గురించి, ఆయన పాట వేసుకుని ఆయనకు పైసా ఇవ్వని రేడియో గురించి.

రైలీ 1933లో అదే రోడ్డు మీదున్న పోకహాంటస్‌లో పుట్టారు. కౌలు కుటుంబం. పొలాల్లో పనిచేసే నల్లజాతి కూలీల దగ్గర గిటార్ నేర్చుకున్నారు. ‘కంట్రీ’ అనే అమెరికా పల్లె పాటకు ఆ కూలీల బ్లూస్ పాటల ఊపు తోడైతే వచ్చేదే రాకబిలీ. 1957లో మెంఫిస్‌లోని సన్ రికార్డ్స్‌కు ‘రెడ్ హాట్’ పాడారు. పాట పుంజుకుంటున్న సమయానికి కంపెనీ యజమాని శామ్ ఫిలిప్స్ తన బలమంతా మరో గాయకుడు జెర్రీ లీ లూయిస్ కొత్త రికార్డు మీద పెట్టేశారు. రైలీ తాగొచ్చి స్టూడియోలో సామాను చిందరవందర చేశారని, ఫిలిప్స్ కూర్చోబెట్టి మాటలతో చల్లార్చారని చెబుతారు. అన్నట్టు, లూయిస్ రికార్డులు చాలావాటిలో గిటార్, డ్రమ్స్ వాయించింది రైలీ బ్యాండు వాళ్లే! 70లలో ఆయన పాట పక్కన పెట్టి ఆర్కన్సాలో ఇళ్లు కట్టే పనిలోకి వెళ్లిపోయారు. మళ్లీ వచ్చి పాడినా పెద్ద పేరు రాలేదు. 2009 ఆగస్టులో క్యాన్సర్‌తో పోయారు.

పని చేయలేని చివరి ఆరేళ్లూ ఆయన డాక్టర్ల బిల్లులకు, ఇంటి అప్పుకు సాయం చేసింది మ్యూజీకేర్స్ అనే ధార్మిక సంస్థ. 2015లో ఆ సంస్థ తనను సత్కరించిన సభలోనే గాయకుడు బాబ్ డిలన్ ఈ సంగతి చెప్పారు. సంస్థ చేసింది మంచి పనే. కానీ ‘రెడ్ హాట్’ రేడియోలో వచ్చినప్పుడల్లా పాడినవాడికి ఎంతో కొంత వచ్చి ఉంటే ఆ అవసరం కొంతైనా తగ్గేది కదా? అమెరికాలో ఏఎం, ఎఫ్ఎం స్టేషన్లు పాట రాసినవాళ్లకు డబ్బు కడతాయి, పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు కట్టవు. ‘రెడ్ హాట్’ రాసింది బిల్లీ ఎమర్సన్ కాబట్టి రైలీ గొంతు ఎన్నిసార్లు వినిపించినా ఆయన వాటా సున్నా. శాటిలైట్, ఇంటర్నెట్ రేడియో అయితే గాయకులకూ కట్టాలి. కాకపోతే 1972 ఫిబ్రవరికి ముందు రికార్డయిన పాటలు ఆ ఫెడరల్ చట్టం కిందికి రాలేదు. 2018లో ఆ లోపం సరిచేశారు. రైలీ పోయిన తొమ్మిదేళ్లకు!

మేం పాట వేస్తే గాయకుడికి ప్రచారమే కదా అని స్టేషన్ల వాళ్ల వాదన. కొత్త పాటైతే సరే. అరవై ఏళ్ల నాటి పాట వేసి మధ్యలో కార్ల ప్రకటనలు అమ్ముకునేటప్పుడు ఎవరికి ప్రచారం?

మన దేశంలో 2012 కాపీరైట్ సవరణ గాయకులకూ రాయల్టీ హక్కు రాసింది. చేతికి అందించడంలో పేచీలు ఎన్ని ఉన్నా కాగితం మీదైనా హక్కు ఉంది. పాటలు కచేరీల్లో పాడటంపై 2017లో ఇళయరాజా గారు బాలు గారికి పంపిన నోటీసు గుర్తుండే ఉంటుంది. అది స్వరకర్త హక్కు గొడవ. ఇక్కడ తగువు దానికి అవతలి వైపుది, గొంతుది.

అమెరికా రేడియోలు పాడినవాళ్లకు కట్టని ఈ పద్ధతిని మార్చడానికి ‘అమెరికన్ మ్యూజిక్ ఫెయిర్‌నెస్ యాక్ట్’ అనే బిల్లు 2021లో వచ్చింది. ఆ తర్వాతా పెడుతూనే ఉన్నారు, పాసవ్వలేదు. మీ పత్రిక చదివే తెలుగువాళ్లలో ఇక్కడ ఓటున్నవాళ్లు చాలామందే ఉంటారు. మన గాయకులను పిలిపించి కచేరీలు పెట్టించుకునేవాళ్లం, మన ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు ఒక ఫోన్ చేయలేమా? రెండు నిమిషాలు పట్టదు. మీ ఊరి జిప్ కోడ్, బిల్లు పేరు చెబితే అవతల రాసుకుంటారు.

– ఒక పాఠకుడు, మెంఫిస్, టెన్నెసీ