ఆ నాలుగు బోర్లు ఎటు చూస్తున్నాయి? పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర పర్యావరణ, పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా శాఖల మంత్రి గారికి నమస్కరించి రాయునది.

అయ్యా, నేను బోర్ల మేస్త్రీని. నెల్లూరు జిల్లా తూర్పు మండలాల్లో ముప్పై ఏళ్లకు పైగా ఫిల్టర్ పాయింట్లు (ఇసక నేలలో వేసే లోతు తక్కువ బోర్లు) దించాను, బోర్లు వేశాను, దొరువులు తవ్వించాను. నడుము సహకరించక నాలుగేళ్లుగా ఇంటిపట్టునే ఉంటున్నాను. మా ఊరికి తూర్పున కిలోమీటరు దూరంలో ఫ్యాక్టరీల ప్రమాదకర వ్యర్థాలు తెచ్చి పూడ్చే యార్డు ఒకటుంది. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే రేపు రొయ్యలు కొనేవాడు కౌంటు చూడకముందే ధర తగ్గిస్తాడు. మా ఇళ్లలో పెళ్లికెదిగిన పిల్లలున్నారు, అదొకటి.

యార్డు మూసేయమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఫ్యాక్టరీలు నడిచినన్నాళ్లూ ఆ చెత్త ఎక్కడో ఒకచోట పెట్టక తప్పదు. రాత్రిళ్లు ట్యాంకర్లు తెచ్చి వాగుల్లో వదిలేసి పోయేదానికంటే, గొయ్యి తీసి, బంకమట్టి పరిచి, దానిమీద నల్లటి ప్లాస్టిక్ షీటు అతికించి, చెత్తలోంచి కారే ఊట నీటిని పైపులతో తోడి శుద్ధి చేయడం ఎంతో మేలు. నా బాధంతా ఆ యార్డు చుట్టూ ఉన్న నాలుగు బోర్ల గురించే.

షీటు ఎంత మందమైనా అతుకు దగ్గర ఎప్పుడో ఒకప్పుడు కారొచ్చు. కారితే ముందుగా తెలియడానికే యార్డు అంచున బోర్లు వేస్తారు. భూమిలో నీళ్లు వచ్చే వైపు ఒకటి, పోయే వైపు మిగతావి. వచ్చే వైపు బోరు నీళ్లలో ఏముందో చూసి, పోయే వైపు బోర్లతో పోల్చుకుంటారు. తేడా కనబడితే ఆ తేడా యార్డుదే. అమెరికాలో 1976 చట్టం కింద వచ్చిన నియమాల్లో కనీసం ఒకటి పైన, మూడు కింద ఉండాలని రాశారు. మా యార్డుకూ అంతే: పడమర ఒకటి, తూర్పున మూడు. నేల తూర్పుకు, సముద్రం వైపుకు వాలుతుంది కాబట్టి నీళ్లూ అటే పోతాయని లెక్క. కాగితం మీద తప్పు పట్టడానికేం లేదు.

కానీ బోర్లు వేసిన నాటికీ ఇప్పటికీ ఊరు మారిపోయింది. తూర్పున ఉన్న బీడంతా రొయ్యల గుంటలైంది. గుంటల్లో ఏడాదిలో చాలా నెలలు నీళ్లు కట్టిపెట్టే ఉంచుతారు. అవి ఇంకి ఇంకి అటువైపు భూగర్భ జలం పైకొచ్చింది. పడమర, అంటే మా ఊరి వైపు, కాలవ నీళ్లు అందని మాగాణికి ఎడగారు (వేసవి పంట) సాగంతా ఫిల్టర్ పాయింట్ల మీదే. ఏప్రిల్, మే నెలల్లో పగలూ రాత్రీ మోటార్లు తోడుతుంటే ఇటువైపు నీళ్లు దిగిపోతాయి. ఇక నీళ్లు ఎటు నడుస్తాయో నేను చెప్పనక్కర్లేదు. పైన నేల వాలు తూర్పుకే ఉంటుంది, కింద నీళ్లు పడమరకు తిరుగుతాయి.

ఇది ఊహ కాదండి. పోయిన మే నెలలో గ్రామ సచివాలయం సర్వేయరు కుర్రాడిని ఓ ఆదివారం బతిమాలి పిలుచుకొచ్చాను. ఆరు చోట్ల కేసింగ్ మూతుల ఎత్తులు కలిపి లెవల్ తీశాం. తర్వాత టేపుకు బోల్టు కట్టి ఒక్కో బోర్లోకి వదిలాను. బోల్టు నీళ్లకు తగిలినప్పుడు 'టప్' మని వినిపిస్తుంది, చెవి పైపుకు ఆనించి వినాలి. ఆరు అంకెలూ సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకున్నాను. యార్డు తూర్పున గుంటల గట్టు మీదున్న బోరు కంటే మా ఊరి వైపు బోరులో నీళ్లు మూరెడు పైనే కిందికున్నాయి. అదే నవంబరు ఆఖర్లో వానలు పడ్డాక చూస్తే మళ్లీ తూర్పుకే వాలు. అంటే ఏడాదిలో కొన్ని నెలలు అటు, కొన్ని నెలలు ఇటు.

ఇప్పుడా పడమర బోరు సంగతి చూడండి. అది వచ్చే నీళ్లను చూసేదని, అందులో ఏది కనబడినా అది ఈ నేలలో మామూలుగా ఉండేదేనని లెక్క. ఎండాకాలంలో యార్డు ఊట అటే వెళ్తే మొదట చెడేది ఆ బోరే. పోల్చుకోవడానికి పెట్టుకున్నదే చెడితే ఇక తేడా దేనితో తెలుస్తుంది? పైగా, చూడండి, మామూలుగానే ఉంది అని రాసుకుంటారు. నా సర్వీసులో ఇంత చిత్రమైన బోరు ఇంకోటి చూడలేదు.

పైన చెప్పిన అమెరికా నియమాల్లోనే ఇంకో మాట ఉంది. నమూనా తీసిన ప్రతిసారీ నీటిమట్టం కొలవాలి. ఏడాదికొకసారైనా ఆ మట్టాలు చూసి, బోర్లు ఇంకా సరైన చోటే ఉన్నాయా అని తేల్చుకోవాలి. ఇదేం రాకెట్ శాస్త్రం కాదు. టేపూ బోల్టూ చాలు.

నమూనాలు తీసే తీరు కూడా చెబుతాను. ఓసారి నేను గేటు పక్కన వేపచెట్టు కింద నిలబడి చూశాను. వచ్చిన అబ్బాయి పైపులోకి తాడుతో సీసా వదిలి, నింపుకుని, బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. బోరులో నెలల తరబడి నిలవున్న నీళ్లు భూమిలో నీళ్లు కావు, పైపులో నీళ్లు. ఆరంగుళాల బోరులో ఇరవై మీటర్ల నీరు నిలిచి ఉంటే అదే 365 లీటర్లవుతుంది. మామూలు పద్ధతి ప్రకారం దానికి మూడింతలు, అంటే వెయ్యి లీటర్ల పైచిలుకు తోడి పారబోశాక నమూనా పట్టాలి. లోహాల కోసం పట్టిన సీసాలో నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేయాలి, లేకపోతే లోహం కొంత సీసాకే అంటుకుపోతుంది. ఐసు పెట్టెలో పంపాలి. ఆ అబ్బాయి దగ్గర ఐసు పెట్టె లేదు. వాడిని తిట్టను. ఎవరూ నేర్పి ఉండరు.

సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి రిపోర్టులు అడిగాను. ఒక కార్యాలయం నుంచి నాలుగు పేజీలొచ్చాయి. బోర్లకు నంబర్లున్నాయి, ఏ నంబరు ఎక్కడుందో మ్యాపు లేదు. నమూనాలన్నీ మే నెలవే. నీటిమట్టం గడే లేదు. సీసం ఎదురుగా బీడీఎల్, క్రోమియం ఎదురుగా బీడీఎల్, కాడ్మియం ఎదురుగా బీడీఎల్. పరికరానికి అందనంత తక్కువ అని దాని అర్థమట. మొదట నేనూ సంతోషపడ్డాను. మా మేనల్లుడు ఫార్మా కంపెనీ ల్యాబులో పనిచేస్తాడు. కాగితం అటూ ఇటూ తిప్పి, "మామా, పరికరానికి ఎంతదాకా అందుతుందో ఇందులో యాడా రాయలేదే" అన్నాడు. తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. ల్యాబు పరికరం 0.05 కంటే తక్కువను పట్టలేనిదైతే, పరిమితికి నాలుగింతలున్నా కాగితం మీద బీడీఎల్ అనే పడుతుంది. ఆ ఒక్క అంకె లేకుండా ఆ నాలుగు పేజీలకు పకోడీల పొట్లం విలువ కూడా లేదు.

మే నెల నమూనాలు వద్దని కాదు. పడమర బోరుకు మే నెలే ముఖ్యం. కానీ మా జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు పొలాలు, గుంటలు, రోడ్డు ఒకటైపోయాయి. యార్డులో ఊట పెరిగేదీ, భూమిలో నీళ్లు పైకొచ్చి షీటును తాకేదీ ఆ రోజుల్లోనే. వానలు తగ్గాక జనవరిలో ఒక నమూనా తీయకపోతే తుపాను చేసిన పని ఎవరికీ తెలియదు.

జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో అయిదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్షలు నేర్పారు. మా కోడలు అందులో ఒకతె. వంటింటి గట్టు మీద కిట్టు పరిచి, చుక్కలు వేసి, రంగు మారడం చూసి రాసుకుంటుంది. ఫ్లోరైడ్ చూస్తుంది, నైట్రేట్ చూస్తుంది, క్లోరైడ్ చూస్తుంది. "సీసం చూడమ్మా" అన్నాను. "దానికి ఇందులో సీసా లేదు మామయ్యా" అంది. ఉప్పులో ఉండే క్లోరైడ్ మాత్రం ఏటేటా పెరుగుతోంది. యార్డు వాళ్లను అడిగితే రొయ్యల గుంటల ఉప్పు అంటారు. నిజమే అయ్యుండొచ్చు, నాకూ చాలావరకు అదే అనిపిస్తుంది. అందుకే ఉప్పు చూసి లాభం లేదు. గుంటల్లో ఉండనివి, యార్డులో మాత్రమే ఉండగలిగేవి వెతకాలి. యార్డు లోపల ఊట నీటిలో ఏమేమున్నాయో మొదట పరీక్ష చేసి, ఆ జాబితానే బయట బోర్లలో చూడాలి.

మా తాగునీటి బోరు బాగానే ఉందంటున్నారు, ఇక గొడవెందుకని మా ఊళ్లోనే అడిగేవాళ్లున్నారు. ఇసకలో కూడా నీళ్లు నత్తలా నడుస్తాయి, ఏడాదికి పదుల మీటర్లు పోతే ఎక్కువ. కిలోమీటరు దాటి మా బోరుకు చేరేసరికి ఇప్పటి ప్రెసిడెంటు, ఇప్పటి మేనేజరు ఎవరూ ఉండరు. రాజస్థాన్‌లో బిచ్చడి అనే ఊరి బావుల్లో నీళ్లు రసాయనాల వల్ల రంగు మారి పనికిరాకుండా పోతే, కేసు సుప్రీంకోర్టుకెళ్లి 1996లో తీర్పొచ్చింది. పాడుచేసినవాడే డబ్బు కట్టాలన్నారు. తీర్పు గొప్పదే. ఆ బావులు ఆ తీర్పుతో బాగుపడలేదు.

మీకే ఎందుకు రాస్తున్నానంటే, కాలుష్య నియంత్రణ మండలి మీ శాఖ కిందిదే, తాగునీరు మీదే, పంచాయతీ కూడా మీదే. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు కాగితం పంపించాల్సిన పని లేదు. పడమర బోరును పోల్చుకునే బోరుగా లెక్కపెట్టడం ఆపించండి. గుంటలకూ మోటార్లకూ దూరంగా కొత్తది ఒకటి వేయించండి. ఊరికీ యార్డుకూ మధ్య ఇంకో రెండు వేయించండి. మే, జనవరి నెలల్లో మండలి మనుషులే వచ్చి, పంచాయతీ వాళ్లు చూస్తుండగా, తోడించి నమూనాలు తీయాలి. రిపోర్టు తెలుగులో, బోరు మ్యాపుతో, నీటిమట్టంతో, పరికరం పరిమితితో సచివాలయం గోడకు అంటించాలి.

నా దగ్గరున్న సిగరెట్ పెట్టె అట్టను భద్రంగా దాచాను. అధికారులు వస్తే టేపు నేనే తెస్తాను. ఏప్రిల్ ఆఖరు వారం తర్వాత వస్తే మంచిది, అప్పటికి ఎడగారు మోటార్లన్నీ నడుస్తుంటాయి.

ఇట్లు,
ఒక బోర్ల మేస్త్రి,
నెల్లూరు జిల్లా.