కవర్ పాటల ఆల్బమ్‌లకు మా స్టూడియోలో కొత్త పద్ధతి, కొత్త రేటు

సొంతంగా రాసి పాడుకునే సీనియర్ గాయకులు ఇతరుల పాటలతో ఆల్బమ్ చేస్తామంటే ఇకపై పాటకు ఇంత అని తీసుకోం. నాలుగు గంటల పూటకు 9,000 రూపాయలు. పూటకు రెండు పాటలకు మించి పెట్టుకోం. కొందరికి ఖర్చు పెరుగుతుంది కాబట్టి కారణాలు వివరంగా చెప్పాలి.

తన పాట తానే రాసుకున్నవారికి ప్రతి చరణం తన ఊపిరికి సరిపోయేలా కుదురుతుంది. కవర్ పాట ఇంకొకరి గొంతు కొలతకు కట్టింది. అరవై దాటాక పై స్వరాలు అందవు, దీర్ఘాలు నిలవవు. వెంటనే శ్రుతి రెండు మూడు మెట్లు దించమంటారు. దించితే పల్లవి హాయిగా వస్తుంది గానీ చరణం చివర మంద్రంలో నాదం పోయి గాలి మిగులుతుంది. అందుకే పాటలో అన్నిటికంటే పై స్వరం, అన్నిటికంటే కింది స్వరం రెండూ పాడి చూశాకే శ్రుతి ఖాయం చేస్తాం. పాత రికార్డు పక్కన పెట్టుకుని శ్రుతి పట్టొద్దు. టేప్ వేగంలో తేడాల వల్ల చాలా పాత రికార్డులు రెండు మెట్ల మధ్యలో ఎక్కడో పలుకుతాయి. 440 హెర్ట్జ్‌కి (ఇప్పటి వాద్యాలకు మామూలుగా వాడే శ్రుతి ప్రమాణం) కట్టిన కీబోర్డుతో అవి కలవవు.

రికార్డింగుకు మేం నమూనాగా పెట్టుకున్నది, తన పాటలు తానే రాసుకునే అమెరికన్ గాయకుడు బాబ్ డిలాన్ 2015 ఆల్బమ్ 'షాడోస్ ఇన్ ద నైట్'. అప్పటికి ఆయనకు 73 ఏళ్లు. పది పాటలూ అంతకుముందు పాత తరం అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాట్రా పాడినవే. సినాట్రా కూడా రికార్డు చేసిన హాలీవుడ్ క్యాపిటల్ స్టూడియోస్‌లోనే, ఇంజినీర్ అల్ ష్మిట్‌తో చేశారు. హెడ్‌ఫోన్లు లేవు, గాయకుడికి అద్దాల గది లేదు, తర్వాత అతికించడాలు లేవు. సినాట్రా వెనక వయొలిన్ల బృందం చేసిన పనిలో చాలాభాగం డానీ హెరన్ వాయించిన పెడల్ స్టీల్ గిటారు (పెడళ్లతో స్వరాన్ని సాగదీసే గిటారు) మీద పడింది. మా దృష్టిలో ఆ ఆల్బమ్‌కు ప్రాణం అదే. వాద్యాలు తగ్గితే వయసు మళ్లిన గొంతు అరవనక్కర్లేదు.

మా దగ్గరా గాయకుడు, గిటారు, బేస్, తబలా ఒకే గదిలో కూర్చుంటారు. గొంతుకు ఫిగర్ ఆఫ్ ఎయిట్ మైక్ పెడతాం. అది ముందూ వెనకా వింటుంది, రెండు పక్కల నుంచి వచ్చే శబ్దం దానికి దాదాపు వినబడదు, అందుకే తబలాను ఆ పక్కన పెడతాం. నోటికి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరం. కట్టుడు పళ్లున్నవారికి స, శ, ష ఈలలా మోగుతాయి. మైక్‌ను నోటికి ఎదురుగా కాక కాస్త పక్కకు తిప్పితే చాలావరకు తగ్గుతుంది. తర్వాత డీ-ఎస్సర్‌తో (ఆ ఈలను తగ్గించే సాధనం) నొక్కితే అక్షరమే మొద్దుబారుతుంది. టేక్ నడిచేటప్పుడు ఏసీ ఆపేస్తాం, పల్చటి నూలు బట్టలతో రండి.

ఈ పద్ధతిలో నష్టమూ ఉంది. తబలా శబ్దం గొంతు మైక్‌లోకి కొంతైనా వస్తుంది కాబట్టి ఆటోట్యూన్‌తో స్వరం సరిదిద్దలేం. ఒక్క మాట తప్పినా సాధారణంగా మొత్తం పాట మళ్లీ పాడాలి. మూడు నాలుగు టేకుల తర్వాత గొంతు అలసిపోతుంది. పూటకు రెండే పాటలు అన్నది ఇందుకే.

ఇక హక్కులు. కవి గాయకులకు పాట చేతిలోకి రాగానే ఒక మాట మార్చాలనిపిస్తుంది. కాపీరైట్ చట్టం 31సి సెక్షన్ కింద కవర్ చేస్తే, యజమాని అనుమతి లేకుండా, సాంకేతికంగా తప్పనిసరి కాని మార్పు చేయకూడదు. పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు నిండాలి. ముందుగా నోటీసు ఇవ్వాలి. అట్ట మీద పాత గాయకుడి పేరు గానీ సినిమా పేరు గానీ ఉండకూడదు, 31సి కింద చేసిన కవర్ అని రాయాలి. మామూలుగా ఒక్కో పాటకు ఏడాదికి కనీసం 50,000 కాపీల రాయల్టీ ముందే కట్టాలి. ఐదు వందల సీడీలు వేసుకునేవారికి అది మోయలేని భారం. కాబట్టి హక్కుదారు నుంచి నేరుగా రాతపూర్వక అనుమతి తెచ్చుకోండి. వీడియోకు దాన్ని విడిగా రాయించుకోవాలి.

పాత పాట అయితే చాలు, స్వేచ్ఛే అనుకోకండి. సాహిత్యానికి, బాణీకి రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల చొప్పున విడివిడిగా లెక్క. నండూరి సుబ్బారావు 1957లో పోయారు, ఎంకి పాటల సాహిత్యం ఇప్పుడు అందరిదీ. అన్నమయ్య పదాలూ అంతే. కానీ వాటికి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కట్టిన బాణీలకు ఆ గడువు ఇంకా ఉంది, ఆయన 1979లో పోయారు. పదం తీసుకుని మీ బాణీ మీరే కట్టుకోవచ్చు. మీలాంటి వారు ఆ పని చేస్తే మాకెంతో ఇష్టం.

తేదీ తీసుకునేముందు పాట, రచయిత, బాణీ కట్టినవారు, మొదటి రికార్డు సంవత్సరం ఒక కాగితం మీద రాసి పంపండి. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి పాత రేటే వర్తిస్తుంది, పద్ధతి మాత్రం కొత్తదే.