డేటా డిస్కు లేదంటే పదహారో భాగం ఇస్తామంటున్నారు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ‘ఫైనల్ ఫాంటసీ 7 రీబర్త్’ పెట్టెలో ఒక డిస్కు లేకపోవడం, ఫిర్యాదును పరిష్కరించకుండానే మూసివేయడం గురించి.

అయ్యా,

ప్లేస్టేషన్ 5 కోసం మీ వెబ్‌సైటులో ఈ వీడియో గేమ్ కొన్నాను. ఇది రెండు బ్లూ-రే డిస్కులుగా వస్తుంది. ముందు డేటా డిస్కుతో గేమ్‌ను కన్సోల్‌లోకి ఎక్కించుకోవాలి. ఆ తర్వాత ఆడుకోవడానికి ప్లే డిస్కు కావాలి. నాకు అందిన పెట్టెలో ప్లే డిస్కు ఒక్కటే ఉంది, రెండోది ఉండాల్సిన చోటు ఖాళీ. పైన ప్లాస్టిక్ పొర ఉంది గానీ, అడుగు అంచున దాన్ని ఒకసారి విప్పి మళ్లీ అతికించిన జిగురు మరక స్పష్టంగా కనిపిస్తోంది. ఫొటోలు జతచేశాను.

దీనికి మీ సిబ్బంది ఇచ్చిన మొదటి జవాబు: ‘పెట్టెలో డిస్కు ఉన్నట్లు మీ ఫొటోలోనే కనిపిస్తోంది కనుక ఫిర్యాదును ముగిస్తున్నాం.’ ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్లుంది. డిస్కు లేదని నేను అనలేదు, రెండో డిస్కు లేదన్నాను.

మళ్లీ రాస్తే ఇంకో ఉద్యోగి, బహుశా డిస్కు మీద పేరు తప్పుగా అచ్చయి ఉంటుందన్నారు. ఆ మాటలో కొంత నిజముంది. జపాన్‌లోనూ ఆసియాలోని ఇతర చోట్లా అమ్మిన ప్రతుల్లో డేటా, ప్లే అనే పేర్లు తారుమారయ్యాయని 2024లో ప్రచురణకర్తలే ప్రకటించారు. అందుకే నా దగ్గరున్న డిస్కును కన్సోల్‌లో పెట్టి చూశాను. అది డేటా డిస్కు పెట్టమని అడుగుతోంది. ఏ పేరు అచ్చయినా, ఒక డిస్కు రెండు కాదు కదా.

అసలు ఈ లేఖ రాయించింది మీ మూడో జవాబు. డేటా డిస్కు విడిగా దొరకదు కనుక దానికి బదులు ‘ఫైనల్ ఫాంటసీ 16’ పంపుతామన్నారు. ‘అదే సిరీస్, ఇంకా కొత్త భాగం, మీకే లాభం’ అని కూడా రాశారు.

ముందుగా, అది కొత్తది కాదు. పదహారు 2023 జూన్‌లో వచ్చింది, రీబర్త్ 2024 ఫిబ్రవరి 29న. అంకె పెద్దదైనంత మాత్రాన గేమ్ కొత్తదైపోదు. రెండోది, ఇవి ఒకే కథకు వరుస భాగాలు కావు. 1987లో ఫామికామ్ అనే పాత కన్సోల్ మీద మొదటి గేమ్ వచ్చినప్పటి నుంచి, అంకె మారితే లోకమే మారిపోతుంది, మనుషులూ మారిపోతారు. (పదో భాగానికి తర్వాతి కథ వచ్చిన మాట నిజమే, దానికి పదకొండు అని పేరు పెట్టలేదు.) చోకోబో పక్షులు, మూగుల్స్ అనే బుల్లి జీవులు, కొన్ని పేర్లు మాత్రం ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వలస వెళతాయి. సిడ్ అనే పేరే చూడండి. ఏడులో అతను అంతరిక్షానికి వెళ్లాలని కలగని, చివరి క్షణంలో ఆ కల చెదిరి, లోకం మీద విసుక్కుంటూ బతికే పైలట్. పదహారులో సిడ్, మంత్రశక్తి ఉన్నా బానిసల్లా బతుకుతున్న ‘బేరర్ల’కు ఆశ్రయమిచ్చే తిరుగుబాటుదారు. పేరు ఒకటే, మనిషి వేరు.

నాకు కావలసినది ఏడులోని కథానాయకుడు క్లౌడ్ కథ. ఏడో గేమ్‌ను మళ్లీ చెబుతూ మూడు గేమ్‌లుగా తీస్తున్నారు. మొదటిదైన ‘రీమేక్’ 2020లో వచ్చింది, మిడ్గార్ నగరం దాటడంతో ముగిసింది. రెండోది రీబర్త్. కామ్ అనే ఊళ్లో, సత్రం గదిలో, తమ సొంతూరు నీబెల్‌హైమ్‌లో ప్రతినాయకుడు సెఫిరోత్ ఏం చేశాడో క్లౌడ్ చెబుతుంటే చిన్ననాటి స్నేహితురాలు టీఫా వింటుంది. అప్పుడామె ముఖంలో కదిలే అనుమానం కోసమే నేను ఎదురుచూశాను. కాస్మో కాన్యన్ అనే ఊళ్లో, మాట్లాడే మృగం రెడ్ 13 తన తండ్రి సెటో గురించి నిజం తెలుసుకునే ఘట్టం ఉన్నదీ ఇందులోనే. వీటికి బదులు పదహారులోని కథానాయకుడు క్లైవ్ కథ చూసుకోమంటే ఎలా? క్లైవ్ మీద నాకు కోపం లేదు. కొనాలనుకున్న రోజు అతని గేమ్‌ను డబ్బిచ్చి కొంటాను.

ఈ గేమ్‌లో షిన్రా అని ఒక విద్యుత్ కంపెనీ ఉంది. గ్రహం ప్రాణశక్తిని తోడి కరెంటుగా అమ్ముకుంటుంది. దాని ప్రకటనలు కూడా మీ జవాబుల్లాగే ఎంతో మర్యాదగా ఉంటాయి.

1997లో అసలు గేమ్ తొలి ప్లేస్టేషన్ మీద మూడు డిస్కులుగా వచ్చింది. పావు శతాబ్దం దాటాక, రెండు డిస్కులున్నాయో లేదో చూసి పంపడం మీ గోదాముకు ఇంత భారమా? ఒకరు వెనక్కి పంపిన పెట్టెను తెరిచి చూడకుండా కొత్తదానిగా అమ్మారని నా అనుమానం. ఈ అనుమానానికి సూటిగా సమాధానం కావాలి.

తెరిచిన గేమ్‌ను వెనక్కి తీసుకోబోమన్న మీ నిబంధన నాకు వర్తించదు. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి అన్నవీ వాటిలోనివే. రెండు డిస్కులూ ఉన్న కొత్త పెట్టె పంపి, నా దగ్గరున్నది మీ ఖర్చుతో తీసుకెళ్లండి. సరుకు లేకపోతే, కొరియర్ ఖర్చుతో సహా మొత్తం సొమ్ము నా బ్యాంకు ఖాతాకే తిరిగి వేయండి. మీ వెబ్‌సైటులో మాత్రమే చెల్లే కూపన్లు వద్దు. గడువు దాటితే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను.

పదహారో భాగాన్ని దయచేసి పంపకండి. వస్తే తీసుకోను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు

జతచేసినవి: పెట్టె, జిగురు మరక, ఖాళీ చోటు ఫొటోలు, బిల్లు నకలు, మీ మూడు జవాబులు.